మీకు తెలుసా? బీరుకూ కల్లుకూ బీరకాయపీచు చుట్టరికం

సముద్రం పక్కన కారేసుకుని పోతూ, దారిలో ఊరూరా ఆగి, ఎక్కడికక్కడ కాచిన బీరు రుచి చూడటం అమెరికా పసిఫిక్ తీరంలో ఓ సరదా. ఒరెగాన్‌లో ఉన్న మన పిల్లలు ఫొటోలు పంపుతుంటారు. చేతిలో గ్లాసు, వెనక అలలు. హైదరాబాద్‌లోని హైటెక్ సిటీకి ఆ యోగం లేదు. అల చూడాలంటే బాపట్లకు రాత్రి రైలెక్కాల్సిందే. అయినా మనకు దుర్గం చెరువు ఉంది. చుట్టూ 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు బండలున్నాయి. పైన 2020 సెప్టెంబరు 25న తెరిచిన తీగల వంతెన ఉంది. కుతుబ్‌షాహీల కాలంలో గోల్కొండ కోటకు మంచినీళ్లు ఇచ్చిన చెరువిది. ఇక్కడి నుంచి గండిపేట దాకా ఉన్న మేరనే మన తీరం అనుకుందాం. ఈ మేరలో ఇప్పుడు బీరు కాచే రాగి రంగు పీపాలు, స్టీలు ట్యాంకులు అద్దాల వెనక మెరుస్తున్నాయి. వాటి మధ్య తిరిగి ఏరుకొచ్చిన ముచ్చట్లివి.

*

స్నేహితులిద్దరు ఊరంతా తిరుగుతూ, కనబడ్డవన్నీ వర్ణిస్తూ, పూటకూళ్లింట్లో భోంచేస్తూ సాగిపోవడం మనకు కొత్త కాదు. వినుకొండ వల్లభరాయుడి పేరున ఉన్న 'క్రీడాభిరామము'లో గోవింద మంచనశర్మ, టిట్టిభసెట్టి చేసింది అదే. ఊరు ఓరుగల్లు. సిటీ వాక్ అనే మాట పుట్టకముందే తెలుగులో సిటీ వాక్ ఉంది.

*

మైక్రోబ్రూవరీ అంటే బీరును అక్కడే కాచి అక్కడే పోసే చోటు. సీసాల్లో నింపి లారీల్లో దుకాణాలకు పంపే వ్యాపారం వేరు. తెలంగాణ ప్రభుత్వం 2015లో దీనికి నిబంధనలు తెచ్చాక హైదరాబాద్‌లో వీటికి దారి పడింది. అప్పటికే బెంగళూరు, పుణె చాలా ముందుకెళ్లిపోయాయి. పుణెలో 2009లో మొదలైన 'డూలాలీ' దేశంలోని తొలి మైక్రోబ్రూవరీల్లో ఒకటి. ఆ పేరు నాసిక్ దగ్గరి దేవ్‌లాలీ నుంచి వచ్చింది. ఇంగ్లండుకు తిరిగెళ్లే ఓడ కోసం నెలల తరబడి అక్కడి క్యాంపులో పడిగాపులు పడ్డ తెల్ల సిపాయిలకు మతి చలించేదట. అలా వాళ్ల వాడుకలో 'డూలాలీ' అంటే పిచ్చెక్కడం అయింది.

మన దగ్గరి పేర్లూ తక్కువవేం కాదు. జూబ్లీహిల్స్‌లో వెలిసిన 'జీరో40'కి ఆ పేరు హైదరాబాద్ ఎస్టీడీ కోడ్ నుంచి వచ్చింది. 'ప్రోస్ట్' అనేది జర్మన్లు గ్లాసు గ్లాసు తాకించి అనే మాట.

*

ఇవాళ్టి రద్దీ చూసి, హైదరాబాద్‌కు తాగుడు ఐటీతో పాటే దిగిందనుకునేవాళ్లున్నారు. వాళ్లు తావెర్నియేను చదవాలి. 17వ శతాబ్దంలో వజ్రాల బేరానికి పలుమార్లు గోల్కొండ వచ్చిన ఫ్రెంచి వర్తకుడాయన. భాగ్‌నగర్‌లో, అంటే అప్పటి హైదరాబాద్‌లో, కల్లు వ్యాపారం ఎలా సాగేదో కళ్లకు కట్టినట్టు రాశాడు. కల్లును తోలుతిత్తుల్లో నింపి, గుర్రానికి ఇటొకటి అటొకటి కట్టి, నాలుగైదు కోసుల అవతలి నుంచి దౌడు తీయించేవారట. రోజుకు ఐదారు వందల గుర్రాలు ఊళ్లోకి వచ్చేవట. ఆ కల్లు మీది పన్నుతో సుల్తానుకు దండిగా రాబడి ఉండేదనీ రాశాడు.

గుర్రాలను ఎందుకు పరుగెత్తించారన్నదే ఇందులో అసలు సంగతి. కల్లు ఆగదు. చెట్టు దిగిన క్షణం నుంచీ అది మారుతూనే ఉంటుంది. పొద్దున తియ్యన, మధ్యాహ్నానికి మత్తు, మర్నాటికి పులుపు, ఆ తర్వాత వెనిగర్. పూట లోపల గిరాకీకి చేరకపోతే సరుకు పోయినట్టే. ఇప్పుడు పది నిమిషాల్లో తెచ్చిస్తామనే యాప్ కుర్రాళ్లు మాదాపూర్ సిగ్నళ్ల దగ్గర బండి మీద ఆత్రపడుతుంటే నాకు ఆ గుర్రాలే గుర్తొస్తాయి.

*

ఎక్సైజు శాఖను మన పల్లెల్లో ఇప్పటికీ 'ఆబ్కారీ' అనే అంటారు. పార్సీలో 'ఆబ్' అంటే నీళ్లు. నీళ్ల పని చూసే శాఖ అన్నమాట. ఇంత మర్యాదగా చెప్పిన మాట ప్రభుత్వ పత్రాల్లో మరొకటి దొరకడం కష్టం.

*

తాటిచెట్టెక్కేవాళ్లను గీత కార్మికులని ఎందుకంటారు? గెల కొనను పదునైన కత్తితో పలచగా గీస్తారు కాబట్టి. ఆ గీత మరీ లోతైతే గెల చెడుతుంది, పైపైన పోతే పారదు. కింద లొట్టి కట్టి, మోకు సాయంతో రోజూ ఎక్కి దిగుతూ చూసుకోవాలి. పోతుతాళ్లు, పండుతాళ్లు ఒకేసారి పారవు, ఒకదాని కాలం తర్వాత ఇంకోదాని కాలం. ఈదుల లెక్క వేరే, అక్కడ గీసేది గెలను కాదు, మానును.

ఇక లొట్టిలో జరిగేది చూడండి. ఎవరూ ఈస్టు పొట్లం విప్పి వెయ్యరు. గాలిలోంచి, చెట్టు మీంచి, నిన్నటి లొట్టి గోడల నుంచి వచ్చిన సూక్ష్మజీవులే తీపిని పట్టుకుంటాయి. కొన్ని గంటల్లో నాలుగు శాతం అటూఇటూ ఆల్కహాలు చేరుతుంది. వెనకే లాక్టిక్ బ్యాక్టీరియా వచ్చి పులుపు అందిస్తుంది.

సరిగ్గా ఈ పద్ధతినే బెల్జియంలో బ్రస్సెల్స్ చుట్టుపక్కల, సెన్ లోయలో, మహా కళగా పాటిస్తారు. కాచిన బార్లీ, గోధుమ కషాయాన్ని చలికాలం రాత్రి లోతులేని వెడల్పాటి తొట్టిలో మూతలేకుండా వదిలేస్తారు. గాలిలోని జీవులు వచ్చి వాలతాయి. తర్వాత చెక్కపీపాల్లో ఏడాది నుంచి మూడేళ్లు ఉంచుతారు. దాని పేరు లాంబిక్. బెల్జియం బీరు సంస్కృతిని 2016లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చింది. మన బ్రూవరీ మెనూలో 'సోర్' అని కనబడితే, తెచ్చే కుర్రాడు దాని గొప్ప వివరిస్తుంటే, పుల్లకల్లు పేరు ఎత్తాలా వద్దా అని ఆలోచిస్తాను. ఎత్తితే బల్ల చుట్టూ ఉన్నవాళ్లు నవ్వుతారు. ఎందుకు నవ్వాలో నాకర్థం కాదు. సీసాలో నిలవుండే బీరు కంటే కల్లే ఇలా అక్కడికక్కడ కాచి పోసే క్రాఫ్టు బీరుకు దగ్గరి చుట్టం. రెండూ బతికున్న పానీయాలు, రెండూ పుట్టిన చోటు విడిచి దూరం పోలేవు.

అలాగని కల్లునంతా నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. నగరంలో 2004లో మూతపడ్డ కల్లు దుకాణాలు 2014లో మళ్లీ తెరుచుకున్నాయి. అయితే ఊరు పెరిగిన కొద్దీ చెట్లు తగ్గాయి, గిరాకీ తగ్గలేదు. ఆ సందులోంచే ఆల్ప్రాజోలం, డైజిపామ్ లాంటి మత్తుమందులు లొట్టిలోకి దూరాయి. హైటెక్ సిటీకి కూతవేటు దూరంలోని కూకట్‌పల్లి పరిసరాల్లో 2025 జులైలో కల్తీ కల్లు ప్రాణాలు తీసింది. చెట్టు కింద నిలబడి దింపించుకున్నది తప్ప మిగతాది నేను ముట్టను.

మత్తు వద్దు, తాటిరుచి కావాలనుకునేవాళ్లకు నీరా ఉంది. తెల్లారకముందే దింపాలి. పులవకుండా లొట్టి లోపల సున్నం పూస్తారు. హుస్సేన్‌సాగర్ ఒడ్డున నెక్లెస్ రోడ్డులో ప్రభుత్వం 2023 మేలో నీరా కేఫ్ తెరిచింది. ఐటీ కారిడార్‌కు కాస్త దూరమే అయినా ఈ పర్యటనలో నిజంగా నీటి ఒడ్డున కూర్చుని తాగే చోటు అదొక్కటే అనుకోండి.

*

రాగిమాల్ట్‌లో మాల్ట్, బీరులో మాల్ట్ ఒకటే మాట, ఒకటే పని. అమ్మమ్మ రాగులు నానబెట్టి, గుడ్డలో మూటగట్టి, మొలకలొచ్చాక ఆరబెట్టి, దోరగా వేయించి పిండి పట్టించేది. బార్లీకీ అదే మర్యాద. మొలకెత్తేటప్పుడు గింజలో ఎంజైములు మేలుకుంటాయి. పిండిపదార్థాన్ని చక్కెరగా మార్చే పని వాటిదే. ఆ పిండిని 65 డిగ్రీల అటూఇటూ వేడినీళ్లలో గంటసేపు ఉంచితే తియ్యటి కషాయం దిగుతుంది. అమ్మమ్మ అందులో పాలు, బెల్లం వేసి పిల్లలకిచ్చేది. బ్రూవరీలో హాప్స్ అనే చేదుపూలు వేసి మరగబెట్టి, చల్లార్చి ఈస్టుకిస్తారు. దారులు అక్కడ విడిపోతాయి.

*

గోధుమ బీరు తాగి "ఇందులో అరటిపండు కలిపారా?" అని అడిగేవాళ్లు ప్రతి బల్ల దగ్గరా ఒకరుంటారు. కలపలేదు. లవంగమూ వెయ్యలేదు. జర్మన్ పద్ధతి గోధుమ బీరులో వాడే ఈస్టు పులియబెడుతూ ఐసోఅమైల్ అసిటేట్ అనే పదార్థాన్ని పుట్టిస్తుంది. అరటిపండు వాసన దానిదే. 4-వినైల్ గ్వాయకాల్ అనే ఇంకో దాంతో లవంగం వాసన వస్తుంది. పులియబెట్టే వేడి కాస్త పెంచితే అరటి, తగ్గిస్తే లవంగం పైకి తేలతాయి. బిర్యానీ పక్కన ఏది కావాలో బ్రూమాస్టర్ థర్మామీటరు నిర్ణయిస్తుంది.

*

"గండిపేట నీళ్లు తాగినవాడు హైదరాబాద్ విడిచిపోడు" అని పాతబస్తీ నుంచి పటాన్‌చెరు దాకా అందరికీ తెలిసిన మాట. 1908 మూసీ వరద ఊరిని ముంచాక, మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో కట్టిన ఉస్మాన్‌సాగర్ 1920లో పూర్తయింది. మనం గండిపేట అనేది దాన్నే. బీరులో తొంభై శాతానికి పైగా నీళ్లే కాబట్టి ఈ సామెత బ్రూవరీలకు ఇంకా బాగా అతుకుతుంది.

నీళ్లు బీరు తలరాత ఎలా రాస్తాయో ఐరోపాలో రెండు ఊళ్లు చెబుతాయి. ఇంగ్లండులోని బర్టన్ బావుల్లో జిప్సం ఎక్కువ. అక్కడి పేల్ ఏల్‌లో చేదు పదునుగా, పొడిగా పలుకుతుంది. చెక్ దేశంలోని పిల్సెన్ నీళ్లు వాన నీళ్లంత తేలిక. 1842లో యోసెఫ్ గ్రోల్ అక్కడ కాచిన బంగారు రంగు లాగర్‌కు ఊరి పేరే నిలిచి ఇవాళ ప్రపంచమంతటా 'పిల్స్‌నర్' అయింది. మన గచ్చిబౌలి పేరులోనూ నీళ్లే ఉన్నాయి. గచ్చు చేసిన బౌలి, అంటే మెట్లబావి అని అర్థం చెబుతారు. అయితే గ్రానైటు పొరల్లోంచి వచ్చే బోరునీళ్లు గిన్నె అడుగున తెల్లగా అట్టకట్టే రకం. అలాంటి నీళ్లున్న చోట బ్రూవరీ ముందు ఆర్‌వో పట్టి నీటిని నిర్గుణం చేస్తుంది. తర్వాత జిప్సం, కాల్షియం క్లోరైడు తూకం వేసి కలుపుకుని కావాలంటే బర్టన్, కావాలంటే పిల్సెన్ చేసుకుంటుంది. ఊరి నీటి రుచి అలా పోతుంది. నాకైతే అది కాస్త లోటే.

*

ఇప్పుడు చెప్పేది మాత్రం హైటెక్ సిటీ డేటా సైంటిస్టులకు. వెబ్‌పేజీలో మీట ఎర్రగా ఉంటే ఎక్కువ నొక్కుతారా, పచ్చగా ఉంటేనా అని తేల్చడానికి మీరు వాడే టీ-టెస్టు ఒక బీరు కంపెనీలో పుట్టింది.

విలియం గాసెట్ 1899లో డబ్లిన్‌లోని గిన్నిస్‌లో ఉద్యోగానికి చేరాడు. బార్లీ ఏ రకం మేలు, ఏ పొలంలోది మేలు అని చూడాలి. చేతిలో ఉన్నవేమో నాలుగో ఐదో నమూనాలు. అప్పటి గణాంకశాస్త్రమంతా వందల నమూనాలుంటేనే పనిచేసేది. తక్కువ నమూనాలతో ఎంతవరకు నమ్మవచ్చో ఆయన లెక్క కట్టాడు. కంపెనీ రహస్యాలు పొక్కకూడదు కాబట్టి సొంత పేరుతో అచ్చువేసుకునే వీల్లేదు. 1908లో 'బయోమెట్రికా' పత్రికలో ఆ వ్యాసం 'స్టూడెంట్' అనే మారుపేరుతో వచ్చింది. అందుకే అది నేటికీ 'స్టూడెంట్స్ టీ'.

ఆ లెక్కకు గణితపరంగా గట్టి రుజువు ఇచ్చి, దాన్ని ముందుకు తీసుకెళ్లినవాడు ఆర్.ఎ. ఫిషర్. కేంబ్రిడ్జిలో ఫిషర్ దగ్గర 1948లో పీహెచ్‌డీ పూర్తి చేసిన మనవాడు కల్యంపూడి రాధాకృష్ణారావు. గూడూరు, నూజివీడు, నందిగామల్లో బడికెళ్లి, విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదివిన సి.ఆర్. రావు. నూట రెండేళ్ల వయసులో, 2023లో అంతర్జాతీయ గణాంకశాస్త్ర బహుమతి అందుకుని అదే ఏడాది ఆగస్టులో కన్నుమూశారు. గచ్చిబౌలిలో కేంద్రీయ విశ్వవిద్యాలయం పక్కన పోయే రోడ్డు ఆయన పేరుతోనే ఉంది.

గిన్నిస్ నుంచి గాసెట్, గాసెట్ నుంచి ఫిషర్, ఫిషర్ నుంచి రావు, రావు నుంచి రోడ్డు. వీకెండ్ ట్రాఫిక్‌లో ఆ రోడ్డు మీద ఇరుక్కున్నప్పుడు తలచుకోవడానికి ఇంతకన్నా మంచి సంగతి నాకు దొరకలేదు.

*

ఈ ఐటీ కారిడార్ వయసు మరిచిపోతుంటాం. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు రాజేసిన సారా వ్యతిరేక పోరాటంతో 1993 అక్టోబరు 1న సారా నిషేధం వచ్చింది. 1995 జనవరి 16న ఎన్టీఆర్ సంపూర్ణ మద్యనిషేధం అమలు చేశారు. 1997లో అది సడలింది. మరుసటి ఏడాది, 1998 నవంబరు 22న ప్రధాని వాజ్‌పేయి హైటెక్ సిటీలో సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. నిషేధం ఇంకో రెండేళ్లు నిలిచుంటే ఆ గుండ్రటి భవనంలో తొలి జీతం అందుకున్న కుర్రాడు పార్టీ ఎక్కడ ఇచ్చేవాడో!

*

అసలైన సముద్రతీరం లేకుండా ఈ ముచ్చట ముగించడం బాగుండదు. ఇంగ్లీషువాళ్ల పార్టీల్లో పెద్ద గాజుగిన్నెలో గరిటె వేసి పోసే 'పంచ్' ఉంది కదా. ఆ మాట రాతలో మొట్టమొదట కనబడింది తెలుగు తీరం నుంచి వెళ్లిన ఓ లేఖలోనే. 1632లో ఆర్మగాన్ నుంచి, అంటే నెల్లూరు వైపు దుగరాజపట్నం నుంచి, రాబర్ట్ ఆడమ్స్ అనే ఆయన పెటపోలిలో ఉన్న ఈస్టిండియా కంపెనీ ఉద్యోగికి రాసిన ఉత్తరం అది. పెటపోలి అంటే బాపట్ల దగ్గరి నిజాంపట్నం. సారా, చక్కెర, నిమ్మరసం, నీళ్లు, మసాలా అని ఐదు దినుసులు పడతాయి కాబట్టి మన 'పంచ'లోంచే పంచ్ వచ్చిందన్నది ఎక్కువమంది ఒప్పుకునే మాట. ఇంగ్లీషులోని 'టాడీ' కూడా తాడి చెట్టు దిగి వెళ్లిందే. ఇప్పుడు స్కాట్లండులో జలుబుకు వేడివేడి విస్కీ తాగుతూ దాన్ని హాట్ టాడీ అంటారు. అందులో తాటికల్లు చుక్క కూడా ఉండదు.

*

నూరు లీటర్ల బీరు కాస్తే ఇరవై కిలోల దాకా తడిపిప్పి మిగులుతుంది. చక్కెర దిగిపోయినా మాంసకృత్తులు, పీచు అందులోనే ఉంటాయి. పశువులకు పసందైన దాణా. పులిసిపోతుంది కాబట్టి వెంటనే తరలించాలి. ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ పక్కనున్న గౌలిదొడ్డి పేరు ఒకసారి తలచుకోండి. గౌలి అంటే పాడి పెంచుకునేవాడు, దొడ్డి అంటే పశువుల కొట్టం. దాణా ఇప్పుడొచ్చింది, బర్రెలే వెళ్లిపోయాయి.

*

గచ్చిబౌలి దాటి రింగురోడ్డు పట్టుకుంటే పటాన్‌చెరు. 1972లో అక్కడ పుట్టిన పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌కు జొన్న ప్రధాన పంటల్లో ఒకటి. నైజీరియా 1988లో బార్లీ మాల్టు దిగుమతిని నిషేధించినప్పుడు అక్కడి బీరు కంపెనీలు, గిన్నిస్‌తో సహా, జొన్నకు మళ్లాయి. ఇక్రిశాట్ రకం ఐసీఎస్‌వీ 400 ఆ దేశంలో విడుదలై మాల్టుకు పనికొస్తుందనిపించుకుంది. జొన్నతో కాచడం సులువేం కాదు. బార్లీకి ఉన్న పొట్టు కషాయాన్ని వడకట్టే జల్లెడగా పనికొస్తుంది, జొన్నకు అది లేదు. జొన్నలోని పిండి ఉడకడానికి వేడీ ఎక్కువ కావాలి. అయినా ఒక దేశం దేశమంతా చేసి చూపించింది. జొన్నరొట్టె తిని పెరిగిన నేల మీద బ్రూవరీలు బార్లీ సంచుల కోసం రాజస్థాన్ వైపు, జర్మనీ వైపు చూడటమే నాకు వింత. మన బ్రూమాస్టర్లెవరైనా తెల్లజొన్నతో ఓ తొట్టి కాస్తే మొదటి గ్లాసు డబ్బులు నావి.

*

చివరగా కాస్త లెక్క. ఐదు శాతం బీరు అరలీటరు గ్లాసులో దాదాపు 20 గ్రాముల ఆల్కహాలు ఉంటుంది. 70 కిలోల మగవాడు ఖాళీ కడుపుతో గటగటా తాగేస్తే 100 మిల్లీలీటర్ల రక్తంలో 40 మిల్లీగ్రాముల దాకా చేరుతుంది. చట్టం ఒప్పుకునేది 30. అంటే ఒక్క గ్లాసుకే గీత దాటొచ్చు. రెండో గ్లాసూ అయితే 80. కాలేయం గంటకు దించేది సుమారు 15. కూర్చున్నచోటు నుంచి కదలకుండా మూడు గంటలకు పైగా ఆగితే తప్ప లెక్క కుదరదు. ఒంటి బరువు తక్కువైనవాళ్లకు, ఆడవాళ్లకు ఇంకా ఎక్కువసేపు. నిమ్మరసం, కాఫీ, పాన్ వేటికీ ఆ అంకెను తగ్గించే శక్తి లేదు. తొలిసారి దొరికితే పదివేల దాకా జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, ఒక్కోసారి రెండూ. తెలంగాణలో తాగడానికి వయసు 21 నిండాలన్నది వేరే సంగతి.

నాలుగు చోట్లు తిరగాలనుకుంటే రోజుకొకటి పెట్టుకోండి. 2019 నవంబరు నుంచి మెట్రో రాయదుర్గం దాకా వస్తోంది. కారు తాళాలు ఇంట్లో మేకుకే వేలాడనివ్వండి.